మూడు గుప్పిళ్ళ నవల

ఆ గురువారం సాయంత్రానికి గణేశ్వరరావు చేతిలో ఉన్నవి ఇవి: నర్సీపట్నం బజారులో తాత పెట్టిన చింతపండు కొట్టు, ఆ తాత పేరే తనకూ పెట్టారు కాబట్టి బోర్డు మార్చే పని తప్పిన సౌకర్యం, కొయ్యూరు కొండ ఊళ్ళలో తూకం విషయంలో మంచి పేరు, ఎదురు మాట్లాడే భార్య ఒకతె, ఎదురు మాట్లాడని చెల్లెలు ఒకతె. ఇవి పాతవి. కొత్తగా వచ్చి చేరింది ఒక కాగితాల కట్ట.

కట్ట తెచ్చింది చెల్లెలు సత్యవేణి. ఆమె కోటవురట్లలో హైస్కూలు టీచరు. బడి అయ్యాక రోజూ రాత్రిళ్ళు కూర్చుని మూడు తరాల నవల ఒకటి రాసింది. అది తమ ఇంటి కథేనని, పేర్లు మాత్రం మార్చిందని బంధువుల్లో అప్పటికే పొక్కింది.

"అన్నయ్యా, ఇది నువ్వు సదవాలి," అంది కట్టను తక్కెడ పక్కన పెట్టి. "శనివారం నాలుగింటికి వైజాగు ప్రెస్సోళ్ళకి మాట సెప్పాలి. నువ్వు ఊఁ అంటే అచ్చుకెల్తాది. వద్దంటే ఆపేస్తాను. మళ్ళీ ఎవరికీ సూపించను."

"నాను నవల ఎప్పుడు సదివేనమ్మా?"

"అందుకే నీకిస్తన్నాను. నవలలు సదివేవోళ్ళు నాకు సానామందే ఉన్నారు."

ఆమె ఆటో ఎక్కీ ఎక్కకముందే పెదనాన్న కొడుకు నారాయణమూర్తి ఫోను.

"ఒరే గణేసూ, సెల్లి నీకు కాగితాలిచ్చిందటగా! అందులో దేవుడమ్మత్త సంగతి ఉందట."

"ఇంకా సూడలేదన్నయ్యా."

"సూడ్డానికేటుందిరా? ఆపీమని సెప్పు. మన గుమ్మంలో జరిగింది ఊరోళ్ళంతా కొనుక్కుని సదువుతారా? అది అచ్చయ్యిందంటే నీ గడప తొక్కను. మీ ఇంట ఏ పెళ్ళికి పిలిచినా రాను."

దేవుడమ్మ గణేశ్వరరావుకు మేనత్త, నాన్నకు స్వయానా చెల్లెలు. కొయ్యూరు అవతల కొండ ఊరి రైతును మనసుపడి పెళ్ళి చేసుకుంది. తాత ఆమె పేరు ఎత్తొద్దన్నాడు. నాయనమ్మ చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆమె చూడ్డానికి వస్తే, వీధి తలుపు గడియ వేయించి, లోపలికి రానివ్వలేదు. పొద్దుపోయేదాకా వీధిలో నిలబడి ఆమె వెనక్కి వెళ్ళిపోయింది. మర్నాడు నాయనమ్మ పోయింది. అంతే కథ. తాత పోయినా, నాన్న పోయినా ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తడం మాత్రం మళ్ళీ మొదలవలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం కొట్లో బేరం పలచబడ్డాక గణేశ్వరరావు కట్ట విప్పాడు. మందం చూసి గుండె జారింది. అయినా సరుకు చూడ్డం అతనికి కొత్త కాదు. బస్తా వచ్చిందంటే మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఒక గుప్పెడు, నడుమ ఒక గుప్పెడు, పైన ఒక గుప్పెడు తీస్తాడు. అడుగుది ముందు తీయడం తాత నేర్పిన జాగ్రత్త. అమ్మేవాడు మంచిది పైన పెడతాడు, చెత్త అడుగున దాస్తాడు. ఆ మూడు గుప్పిళ్ళూ అరచేతిలో చూస్తే బస్తా సంగతి తెలిసిపోతుంది. ఇన్నేళ్ళలో పెద్దగా దెబ్బ తిన్నది లేదు.

నవలనూ అలాగే చూశాడు.

అడుగున చెయ్యి పెడితే మంగరాజు అనేవాడు తగిలాడు. కొండ ఊళ్ళో చింతపండు బస్తాలు లారీకి ఎత్తిస్తున్నాడు. ఊరి చివర అప్పాయమ్మ అనే ముసలామె ఇల్లుంది. వాడు ఆ ఇంటి వైపు తల తిప్పడు, లారీ డ్రైవరుతో మాత్రం పనికిమాలిన కబుర్లు చెబుతూ నిలబడతాడు.

గణేశ్వరరావు ఆ పేజీ మళ్ళీ చదివాడు. చింతపండు, లారీ, కొండ ఊరు. అప్పాయమ్మంటే దేవుడమ్మత్త. మంగరాజంటే తనే, ఇంకెవరు? ఇరవై ఏళ్ళుగా మాఘమాసం రాగానే ఆ ఊరికి తనే వెళ్తున్నాడు. గుమస్తాను పంపితే సరిపోయే బేరానికి తనే వెళ్తున్నాడు. ఎందుకంటే ఆ ఊరి పండు మంచిది. అంతే.

నడుమ తీశాడు. "తలుపు గడియ వెయ్యమన్నాడు మంగరాజు. బయట అప్పాయమ్మ పిలుస్తూనే ఉంది. మంగరాజు లోపలి అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించాడు."

గణేశ్వరరావు కాగితం కింద పెట్టేశాడు. గడియ వేయించింది తాత. ఆ రోజుకి తనకు ఎనిమిదేళ్ళు. తాత చేసిన పని తెచ్చి తన నెత్తిన పెట్టింది! పోయినవాడి మీద ఎందుకులే, బతికున్నవాడు దొరికాడుగా అనుకుందేమో!

పై గుప్పెడు చూడ్డానికి మనసొప్పలేదు, అయినా చూశాడు. అక్కడ మంగరాజు తక్కెడ తట్ట కింద కాలిబొటనవేలు ఆనించి ఒక కొండ మనిషిని మోసం చేస్తున్నాడు.

దొంగ తూకం! తనకి!

మూడు గుప్పిళ్ళూ కుళ్ళే. కట్ట మళ్ళీ కట్టేసి, రాత్రి ఇంటికి తెచ్చి ఓ మూల పడేశాడు.

*

శనివారం పొద్దున్నే సత్యవేణి ఇంటికి వచ్చింది. జడలో పువ్వు లేదు, నిద్రపోయినట్టూ లేదు. వదిన పుష్పవతి కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చుంది గాని తాగలేదు.

"సదివేవా అన్నయ్యా?"

"సదివేను. ఆపీ."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. సత్యవేణి గ్లాసు మెల్లగా కింద పెట్టింది.

"ఎందుకో అడగొచ్చా?"

"ఎందుకా? నీకు నాను ఏటి తక్కువ సేసేనే? నాన్న పోయాక నీ సదువు ఆపేనా? నీ పెళ్ళిలో ఏ లోటైనా సేసేనా? నన్ను దొంగ తూకపోణ్ణి సేసి, తలుపులు మూసే కసాయోణ్ణి సేసి..."

"పూర్తిగా సదివేవా?"

"సరుకు మంచిదో కాదో సూడ్డానికి బస్తా అంతా తినక్కర్లేదు."

ఆమె అన్న ముఖంలోకి చూసింది. ఎప్పుడూ అలా చూడదు. ఏడుస్తుందేమో అనుకున్నాడు, ఏడవలేదు. తిరగబడితే బాగుండుననిపించింది. తిరగబడే మనిషితో బేరమాడొచ్చు. నోరెత్తకుండా నష్టం మోసేవాళ్ళతో బేరం కుదరదు.

"సరే. మాట ఇచ్చేను కదా," అని లేచింది. "ఫోనులో సెప్తే వాళ్ళు బాధపడతారు. పూటబడి సూసుకుని, ఒంటిగంట బస్సుకి ఎల్లి సెప్పొస్తాను. కట్ట నీ దగ్గరే ఉంచుకో, ఇంక దాంతో నాకు పని లేదు."

గుమ్మం దాటేటప్పుడు చెప్పుల కోసం వంగి, తలుపు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఏదో అనబోయి, అనకుండానే వెళ్ళిపోయింది.

పుష్పవతి వంటింట్లోంచి వచ్చింది. చేతిలో అట్లకాడ అలాగే ఉంది.

"ఏవండీ, మీరు సుట్ట ఎప్పుడు కాల్సేరు?"

"నానెందుకు కాలుస్తాను? అదే మరి! అదొక అబద్ధం కూడా రాసింది!"

"అది మీరు కాదు, మీ తాతండీ."

"తాతేటి? చింతపండు లారీకెత్తించింది ఎవడు?"

"అది మీరు. నాను నిన్న రాత్రంతా కూకుని మొదట్నించి సదివేను. మంగరాజులు ఇద్దరండీ! ముసలి మంగరాజు ఒకడు, మనవడు మంగరాజు ఒకడు. తాత పేరు మనవడికి పెట్టరా? మీకు పెట్టలేదా? మీ బోర్డు మీదున్నది ఎవరి పేరు?"

గణేశ్వరరావు కట్ట కేసి చూశాడు.

"మూడు సోట్ల సూసీసి ఇద్దరు మనుషుల్ని ఒక బస్తాలో కుక్కీసేరు," అంది ఆమె. "ఇంత యాపారం ఎలా సేత్తన్నారో!"

*

ఎనిమిదయింది. వైజాగు బస్సులు గంటకొకటి, సత్యవేణి ఎక్కేది ఒంటిగంటది. చెల్లెలికి ఫోను చేశాడు, తీయలేదు. మళ్ళీ చేశాడు. స్విచ్ఛాఫ్.

వెంటనే పరుగెత్తి ఏం చెప్పాలి? ఊఁ అనాలన్నా ఉహుఁ అనాలన్నా ఇప్పటిదాకా అతను చదివింది మూడు గుప్పిళ్ళు. చూడని సరుకుకి మాటివ్వడం అతని వల్ల కాదు. కట్ట విప్పి, జీవితంలో మొదటిసారి ఒక పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. వేగంగా చదవడం చేతకాదు. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. పుష్పవతి గోడగడియారం కేసి చూస్తూ గుమ్మంలోనే కూర్చుంది.

ముసలి మంగరాజు తక్కెడ కింద వేలు ఆనించిన రాత్రి అన్నం తినలేకపోయాడని అక్కడే, తర్వాతి పేజీలోనే ఉంది. ఆకలి తెలిసినవాడు, మళ్ళీ ఆకలి పడకూడదని మొండికెత్తినవాడు. కూతురు తన మాట కాదని వెళ్ళిపోతే, తను కట్టిందంతా కూలిపోయిందనుకున్నాడు. కోపం అని ఊరంతా అనుకున్నది నిజానికి భయం. గణేశ్వరరావుకు తాత ముఖం గుర్తొచ్చింది. తాతకు భయమా? కాసేపు ఒప్పుకోలేదు. తర్వాత, కొట్టు మూసేటప్పుడు తాళాన్ని పదేపదే లాగి చూసుకునే ఆ చేతులు గుర్తొచ్చి ఒప్పుకున్నాడు.

గడియ వేసిన రోజు దగ్గరికి వచ్చాడు.

నవలలో నాన్న పేరు మత్స్యలింగం. తండ్రి లోపలి అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. లోపల తల్లి మూలుగుతోంది. వీధిలో చెల్లెలు "అన్నయ్యా, తియ్యి" అంటోంది. మత్స్యలింగం తలుపు దగ్గరికి వెళ్ళాడు. గడియ మీద చెయ్యి వేశాడు. తీయలేదు. వదలనూ లేదు. ఎవరైనా 'తియ్యి' అంటే చాలు, తీసేవాడు. లోపల ఎవరూ అనలేదు. ధాన్యం గాదె వెనకాల ఒక పిల్లాడు నిలబడి, నాన్న చేతినే చూస్తున్నాడు. తనైనా 'తియ్యి నాన్నా' అనొచ్చునని వాడికి తెలుసు. వాడూ అనలేదు.

గణేశ్వరరావు వేలు ఆ వాక్యం మీదే ఆగిపోయింది.

గాదె వెనకాల ఉన్నది తనే. ఆ సంగతి నాన్నకు తెలీదు, అమ్మకు తెలీదు, పుష్పవతికి చెప్పలేదు. సత్యవేణి అప్పటికి ఇంకా పుట్టలేదు.

"ఏటండీ, అలా అయిపోయేరు?"

అతను కట్టను చంకలో పెట్టుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడక్కుండా స్కూటరు తీశాడు.

*

బస్టాండులో ఒంటిగంట వైజాగు బస్సు ఇంజను స్టార్టు చేసి ఉంది. కండక్టరు పిలుస్తున్నాడు. సత్యవేణి కిటికీ పక్కన కూర్చుని ఉంది. గణేశ్వరరావు కిటికీ కమ్మీ పట్టుకున్నాడు.

"దిగు."

"అన్నయ్యా, మాట ఇచ్చేను, ఎల్లి సెప్పీసి..."

"బేగి దిగవే! బస్సు కదిలిపోతాది!"

"దిగుతారేటమ్మా, లేదేటి?" అన్నాడు కండక్టరు. "పెద్దాయన కమ్మీ ఒగ్గడు, నాను బండి తియ్యలేను. ఇద్దర్లో ఎవరో ఒకరు ఒగ్గండి!"

ఆమె దిగింది. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఇద్దరూ వేరుశనక్కాయల బండి పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చున్నారు.

"నీకెవరు సెప్పేరు?" అన్నాడు. "గాదె ఎనకాల నానున్నానని ఎవరు సెప్పేరు?"

సత్యవేణి అతని వైపు పూర్తిగా తిరిగింది.

"ఉన్నావా?" అంది. "నిజంగా ఉన్నావా? నాను ఊహించి రాసేనన్నయ్యా."

"ఊహకి అంత సరిగ్గా ఎలా దొరికింది?"

"నాన్న మంచాన పడ్డాక కుడిచేత్తో గాలిలో ఏదో లాగుతుండేవాడు, గుర్తుందా? జ్వరం పేలాపన అన్నారు అందరూ. నాను రోజూ పక్కనే కూకునేదాన్ని. అది గడియ లాగే సెయ్యి. అది నాన్న సంగతి. ఇంక నువ్వు. పగలు మన వీధి తలుపుకి గడియ వెయ్యనివ్వవు. కోతులొచ్చినా వెయ్యనివ్వవు, వదిన ఎంత గొడవ సేసినా వెయ్యనివ్వవు. కొట్లో ఎనక తలుపూ అంతే. ఎందుకని నిన్నెవరూ అడగలేదు. నాను అడక్కుండా రాసేను."

గణేశ్వరరావు తల దించుకున్నాడు. గాలి ఆడాలి కదా అని తనకు తానే చెప్పుకున్న కారణం అది. ఇన్నేళ్ళూ నమ్మాడు కూడా.

"పొద్దున్న నువ్వు ఆపీ అన్నప్పుడు," అంది ఆమె, "తలుపు దగ్గర ఒకటి అనబోయేను. అనలేదు."

"అనక్కర్లేదులే. 'తియ్యి' అనే గదా, తెలిసింది." కట్టను ఆమె ఒళ్ళో పెట్టాడు. "అచ్చెయ్యించు. ఒక్క మాటా తియ్యకు. తాత బొటనవేలు కూడా తియ్యకు."

ఆమె ఫోను తీసింది గాని నంబరు నొక్కలేదు.

"ఆఖరు అధ్యాయం పూర్తిగా సదివేవా?"

"లేదు."

"సదవడానికేటీ లేదు, సగమే ఉంది. మనవడు ప్రతి ఏడూ ఆ ఊరెల్తాడు. మేనత్త గుమ్మం దాకా ఎల్లడు. ఎందుకెల్లడో నాకు తెలీలేదు. తాత దొరికేడు, నాన్న దొరికేడు, నువ్వు దొరకలేదు. నీకు అసలు ఇచ్చింది అందుకు. ఎందుకెల్లవన్నయ్యా?"

బల్ల ముందు నుంచి ఒక బస్సు వెళ్ళింది, ఇంకోటి వచ్చింది. బండివాడు శనక్కాయలు కలియబెడుతున్నాడు.

"ఎల్తే ఆవిడ తలుపేసీసిందనుకో," అన్నాడు గణేశ్వరరావు. "వేసే హక్కుంది ఆవిడకి. అప్పుడు లెక్క సరిపోయి, ఇంక ఆ ఊరెల్లడానికి నాకేటీ మిగల్దు. ఎల్లకపోతే, వేస్తాదో తీస్తాదో తెలీదు. తెలీకపోతేనే ఏడాదికోసారి ఎల్లొచ్చు."

సత్యవేణి ముక్కు తుడుచుకుంది.

"ఇది రాసీమంటావా?"

"ఆగు. ఇంకా బేరం తెగలేదు. ప్రెస్సోళ్ళకి నాలుగు రోజులు గడువడుగు."

*

మర్నాడు ఇద్దరూ కొయ్యూరు దాటి ఆ ఊరు వెళ్ళారు. లారీ లేదు, బస్తాలు లేవు. ఏ పని మీద వచ్చారని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. ఊరి మధ్య ఎప్పుడూ తూకం పెట్టే చోటు దాటి ఒక్క అడుగు కూడా గణేశ్వరరావు ఇంతవరకు ముందుకు వేసి ఎరగడు. సత్యవేణి చెయ్యి పట్టుకోలేదు, ముందు నడవలేదు. పక్కనే నడిచింది.

చివరి ఇల్లు. తలుపు దగ్గరగా వేసి ఉంది.

తట్టడానికి చెయ్యెత్తి అలాగే నిలబడ్డాడు. లోపల దగ్గు వినిపించింది, తర్వాత గడియ చప్పుడు. అది వేస్తున్న చప్పుడో తీస్తున్న చప్పుడో తెలిసేదాకా ఎత్తిన చెయ్యి దించలేదు.

తలుపు తెరుచుకుంది. నడుం వంగిన పొట్టి మనిషి, చేతివేళ్ళకు చింతపండు గుజ్జు. అతన్ని చూసింది. వెనకాల లారీ ఉందేమోనని వీధి కేసి చూసింది.

"ఏటి, ఈయేళ సంత కాదు గదా," అంది దేవుడమ్మ. "పండు ఒలవడం ఇంకా అవలేదు."

"పండు కోసం రాలేదత్తా. నాను..."

"గణేశ్వర్రావువి. తెలుసు. ఏటేటా సూస్తన్నాను గదా, లారీ డ్రైవరుతో ఆ కబుర్లేటో ఒక్కటీ నాకినిపించి సావవు." సత్యవేణి వైపు తిరిగింది. "ఈ పిల్లెవరు? అన్నయ్య కూతురా? ముక్కు మా అమ్మది."

లోపల నేల మీద బుట్టలో ఒలిచిన పండు ఉంది. ఒక్క ఈనె లేదు, ఒక్క పిక్క లేదు. పైన విస్తళ్ళు కుట్టే అడ్డాకు ఒకటి పరిచి ఉంది. గణేశ్వరరావు ఆ ఆకు కేసి చూస్తూ ఉండిపోయాడు. ప్రతి ఏడూ ఆ ఊరి నుంచి వచ్చే బస్తాల్లో ఒకదాని మూతి దగ్గర ఇలాంటి ఆకు ఉండేది. ఆ బస్తా అమ్మడానికి మనసొప్పక ఇంటికి తెచ్చుకునేవాడు. ఈ ఊరి నేల మంచిదని, పండు అంత శుభ్రంగా పండుతుందని కొట్లో అందరికీ చెప్పేవాడు. పండు శుభ్రంగా పండదు. ఎవరో కూర్చుని ఒలవాలి. ఇరవై ఏళ్ళ వ్యాపారికి ఆ మాత్రం తట్టలేదు.

"అది నీ బస్తానా అత్తా?"

"మరెవరిదనుకున్నావు? మా అన్నయ్య కొడుకు తినేదాన్లో పిక్క పడితే బాగుంటాదా?"

గణేశ్వరరావు అక్కడే గడప మీద కూలబడ్డాడు. చెప్పాలనుకున్నది వరసలేకుండా వచ్చేసింది. "అత్తా, ఆరోజు నాన్న తియ్యాలనుకున్నాడు. గడియ మీద సెయ్యేసేడు. నాను సూసేను. నానూ ఏటీ అనలేదు."

దేవుడమ్మ చేతులు చెంగుకు తుడుచుకుంది. తొందరపడలేదు.

"తలుపు సందులోంచి సేతి ఏళ్ళు కనబడ్డాయి," అంది. "అన్నయ్య ఏళ్ళు నాకు తెలీవా? పొద్దోయేదాకా ఆ ఏళ్ళు కదల్లేదు. నాను లోపలికొస్తానని నిలబడిపోలేదు నాయినా. ఆయన సెయ్యి అక్కడున్నంతసేపు ఎల్లబుద్ధి కాలేదు. అందుకు నిలబడ్డాను."

సత్యవేణి గోడకు ఆనుకుని నిలబడింది. రాయడానికి ఆమె దగ్గర కాగితం లేదు, కలం లేదు. ఉన్నా తీసేది కాదు.

"లోపలికి రండి," అంది దేవుడమ్మ. "గుమ్మంలో కూకోకు, వాకిట్లో కోళ్ళు లోపలికొచ్చేస్తాయి. రా, తలుపెయ్యాలి."

గణేశ్వరరావు లోపలికి వెళ్ళాడు. అతను తన వెనక ఒక తలుపుకి పగటిపూట గడియ వేయనిచ్చింది అదే మొదటిసారి.

*

పుస్తకం అచ్చయింది. ఇద్దరు మంగరాజుల్ని కలిపేసే మారాజులు ఇంకా ఎవరైనా ఉంటారేమోనని, పుష్పవతి పట్టుబట్టి మొదటి పేజీలో వంశవృక్షం వేయించింది.

ఇక లెక్క. పోయినవి: నారాయణమూర్తి రాకపోకలు (అన్న మాట ప్రకారం అతను గడప తొక్కడం లేదు), ఆ ఊరి నేల గురించి కొట్లో చెప్పుకునే గొప్ప, ఏటేటా లారీ డ్రైవరుతో చెప్పే కబుర్లు. వచ్చినవి: భయపడ్డ తాత ఒకడు, గడియ వదలని నాన్న ఒకడు, వీళ్ళిద్దరూ ఇంతకుముందు అతని దగ్గర లేరు. ఎదురు మాట్లాడటం నేర్చుకున్న చెల్లెలు. మాఘమాసం దాకా ఆగకుండా వెళ్ళదగిన ఇల్లు ఒకటి, ఊరి చివర. ఇంట్లో ఇప్పుడు కోతులొస్తే పుష్పవతి ఎవరినీ అడక్కుండా పగలే గడియ వేసుకుంటోంది. గణేశ్వరరావు ఆ చప్పుడు విని, తల ఎత్తకుండా, తన పని తను చేసుకుంటున్నాడు.